బీదర్‌కి ఇంటిల్లిపాదీ: పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయాలా, ఒక రాత్రి ఉండాలా?

మియాపూర్ కోడలు

మా ఇంట్లో మూడు రోజులుగా ఇదే గొడవ. ఇంట్లో తెగేలా లేదని మీ ముందుకు తెచ్చాను.

రెండో శనివారం కలిసొచ్చింది. పిల్లలకి సెలవు, మావారికీ ఆఫీసు లేదు. శ్రీశైలం అయింది, నాగార్జునసాగర్ అయింది, యాదగిరిగుట్టకైతే ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కే లేదు. ఈసారి కర్ణాటకలోకి అడుగుపెట్టి బీదర్ చూసొద్దామని తేలింది. మాకు 130 కిలోమీటర్లు ఉంటుందేమో. సొంత బండి. ఆరుగురం: మేమిద్దరం, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మావయ్యగారు (72), అత్తయ్యగారు (67, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి).

మావారి మాట: ఒక్కరోజులో చూసి వచ్చేద్దాం. ఎక్సెల్‌లో పట్టిక కూడా వేశారు. 6:00 బయలుదేరడం, 9:15 నుంచి 10:45 కోట, 11:00 మదరసా, ఆ తర్వాత అష్టూరు గోరీలు, నరసింహ ఝరణి గుహ, గురుద్వారా, బిద్రీ సామాన్ల (నల్లలోహంలో వెండితీగ పొదిగినవి) కొట్టు, రాత్రి 10:00 ఇల్లు. మధ్యలో "టీ, 12 నిమిషాలు" అని ఒక గడి కూడా ఉంది. నవ్వితే కోపం.

నా మాట: రాత్రి అక్కడే ఉండి ఆదివారం భోంచేసి నింపాదిగా బయలుదేరదాం.

అత్తయ్యగారి మాట: "పిల్లల్ని వెంటేసుకుని గోరీలూ పాడుబడ్డ గోడలూ చూడటం ఎందుకమ్మా? నరసింహస్వామి గుహ ఒక్కటి చూపించి తీసుకొచ్చెయ్యండి."

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ గుహలో స్వామి దగ్గరికి చేరాలంటే దాదాపు 300 మీటర్లు నీళ్ళలో నడవాలట, ఛాతీ లోతు వరకూ వస్తుందట. ఆవిడ వెళ్ళలేని చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

చెప్పండి. ఒక్కరోజా, రెండ్రోజులా?

చెరుకు మోపు

అక్కా, మాది జహీరాబాద్ పక్కపొంటి ఊరు. బీదర్ మాకు 30 కిలోమీటర్లు. మా ఇంట్ల పెండ్లి బట్టలు బీదర్‌లనే కొంటరు, పాణం బాగలేకపోతే ముందుగాల అటే ఉరుకుతరు. మీకది టూరు, మాకది అంగడి. పొద్దుగాల పోతం, పని జేసుకొని పొద్దూకేటాలకు వస్తం. గట్ల జూస్తె ఒక్కరోజు సాలు.

గని ఒక మాట జెప్త. సరిహద్దు సరిహద్దు అంటున్నరు, అది యాడ దాటినమో మీకు ఎరుకనే కాదు. బోర్డుల మీద అక్షరాలు మారుతయ్, అంతే. అదే ఎర్రమట్టి, అదే జొన్నరొట్టె, అదే సగం ఉర్దూ మాట. మా తాత పుట్టినప్పుడు జహీరాబాద్ బీదర్ జిల్లాలనే ఉండె. 1956ల రాష్ట్రాలు పంచినప్పుడు బీదర్ మైసూరు దిక్కు పోయింది, మేము మెదక్‌ల గలిసినం. మా తాత అక్కనిచ్చిన ఊరు అటు, మా తాత ఇటు.

ఇప్పుడు ఆ గీత పతా ఎట్ల తెలుస్తది అంటె, మా అవ్వ టికెట్ల తెలుస్తది. మన ఎక్స్‌ప్రెస్ బస్సుల ఆడోళ్ళకు మహాలక్ష్మి జీరో టికెట్ సరిహద్దు దాకనే. అక్కడికెల్లి బీదర్‌కు పైసలు పెట్టి తీస్కోవాలె. అటు కర్ణాటకల శక్తి స్కీము ఉంది గని, అది వాళ్ళ రాష్ట్రం ఆడోళ్ళకే. మా అవ్వ ప్రతిసారి కండక్టర్‌తోని కొట్లాడుతది: "నేను సీట్లకెల్లి లేవనే లేదు గద బిడ్డా, ఈడ ఫిరీ, ఆడ పైసలు ఎట్లయినయ్?" అని. ఆయనేం జెప్తడు పాపం.

లెక్కల మనిషి

ఒక్కరోజు. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

ఆరుగురంటే రెండు గదులు. పెద్దవాళ్ళకి కింది అంతస్తు కావాలి, వెస్ట్రన్ టాయ్‌లెట్ కావాలి. ఈ రెండూ ఉన్న గది శనివారం పూట దొరికేసరికి సరదా సగం చచ్చిపోతుంది. కొత్త చోట పిల్లలు పదకొండింటిదాకా మంచాల మీద గెంతుతారు, పొద్దున లేవరు. ఎనిమిదింటికి బయటపడాల్సింది పదిన్నర అవుతుంది. అంటే రెండోరోజు మీకు మిగిలేది రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల కోసం రెండు గదుల అద్దె, రెండు పూటల హోటల్ భోజనం. అదే డబ్బుతో ఇంకో నెలలో ఇంకో ఊరు వెళ్ళొచ్చు.

మీవారి పట్టికలో నాకు కనిపించిన తప్పు ఒక్కటే. ఆరింటికి కాదు, ఐదుకి బయలుదేరాలి. పటాన్‌చెరు దాటేశారంటే సగం గెలిచినట్టే.

గోడరాతలు

బీదర్ కోటకి గంటన్నర అని గడి కట్టిన మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలని ఉంది.

అయ్యా, అది గోల్కొండలా మెట్లెక్కి, చప్పట్లు కొట్టి, దిగి వచ్చే కోట కాదు. లోపల ఊరంత ఖాళీ స్థలం ఉంది. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. ఆ గట్టు మీది నేలంతా జంబిట్ట, అంటే ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి. కోట చుట్టూ కందకాన్ని ఆ రాతిలోనే తొలిచారు. ఒకవైపు మూడు వరసల కందకం ఉంటుంది, మధ్యలో రాతి గోడల్ని అలాగే వదిలేశారు. పైన నిలబడి కిందికి చూస్తే, తవ్వినవాళ్ళు ఎంతమందో, ఎన్నేళ్ళు పట్టిందో అనిపిస్తుంది. నాకైతే ఆ కందకం దగ్గరే ముప్పావుగంట పట్టింది.

లోపల పదహారు స్తంభాల మసీదు ఉంది, సోలా ఖంబా అంటారు. పేరు పదహారే గానీ లోపలికి వెళితే స్తంభాల అడవి. రంగీన్ మహల్ తలుపు మామూలుగా తాళం వేసే ఉంటుంది. వెనక్కి తిరిగి వచ్చెయ్యకండి. అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగితే తీస్తారు. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కల్ని పొదిగి చేసిన పని ఉంటుంది. చేతిలో ఫోను లైటు అటూ ఇటూ కదిపితే ఆ చిప్ప ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి గులాబీగా మెరుస్తుంది. మీ పాపకి అది చూపించండి, చాలు.

ఇక మదరసా. మహమూద్ గవాన్ పర్షియా నుంచి వర్తకానికి వచ్చి బహమనీలకి ప్రధానమంత్రి అయినవాడు. 1472లో మూడంతస్తుల విద్యాలయం కట్టించాడు. తర్వాత శత్రువులు ఆయన ముద్రతో దొంగ ఉత్తరం పుట్టిస్తే, సుల్తాను అది నమ్మి 1481లో తల తీయించాడు. ఔరంగజేబు కాలంలో ఆ భవనంలో దాచిన మందుగుండు పేలి ముందు భాగం సగం ఎగిరిపోయింది. మిగిలిన ఒక్క మీనారు మీద నీలి పెంకులు ఇప్పటికీ అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. సాయంత్రపు ఎండ దాని మీద పడాలి. మీ పట్టికలో అది 11:00 గంటలకి ఉంది. అందుకే రాత్రి ఉండాలి అంటున్నాను.

నిద్రలేని అమ్మ

గోడరాతలు గారూ, మీరు రాసింది బాగుంది. కానీ మీతో ఆరేళ్ళవాడు ఉన్నాడా ఆ రోజు? ఆ వయసు వాడికి 1472 అయినా ఒకటే, 1972 అయినా ఒకటే. నీళ్ళసీసా, పకోడీ, ఉచ్చ. మళ్ళీ నీళ్ళసీసా.

ఇంకోటి ఎవరూ అనట్లేదు, నేనంటాను. "రాత్రి ఉందాం, నింపాదిగా ఉంటుంది" అంటే ఎవరికి నింపాది? రెండు జతల బట్టలు ఆరుగురికి, పెద్దాయన బీపీ మాత్రలు, పెద్దావిడ మోకాళ్ళ పట్టీలు, చిన్నోడికి రాత్రిపూట పాలు, ఫ్లాస్కు, దుప్పటి (హోటల్ దుప్పటి కప్పుకోడు). అవన్నీ సర్దేది ఎవరు? తిరిగొచ్చాక ఆదివారం రాత్రి వాషింగ్ మెషిన్ ముందు నిలబడేది ఎవరు? కోడలు గారూ, మీకు రాత్రి ఉండాలని ఉంటే ఉండండి, కానీ ఆ ఎక్సెల్‌లో "సంచులు సర్దడం" అని ఒక గడి పెట్టించి, పక్కన మీవారి పేరు రాయించండి.

పోయినేడు మేం సరిహద్దు అవతలి ఊళ్ళో ఒక హోటల్లో దిగాం. ఊరూ పేరూ చెప్పను. గీజరు ఉంది అన్నారు. ఉంది. గోడకి ఉంది. పొద్దున ఐదున్నరకి రిసెప్షన్ కుర్రాడు బకెట్టుతో వేడినీళ్ళు మోస్తుంటే మా మావగారు "వద్దు బాబూ, నేను రేపు మా ఇంట్లో పోసుకుంటాలే" అన్నారు.

మియాపూర్ కోడలు

సంచుల గడి మాట మావారికి చూపించాను. చదివి, ఏమీ అనకుండా టీవీ పెట్టుకున్నారు.

ఆదోని పత్తి

ఈ గొడవ మా ఇంట్లో గూడా ఉంది, కాకపోతే మాది బళ్ళారి. ఆదోని నుంచి పొద్దున బస్సెక్కితే టిఫినుకి బళ్ళారి. 1953లో బళ్ళారి మైసూరుకు పాయ, ఆదోని మనకుండె. మా నాయనమ్మ ఇప్పటికీ "మన బళ్ళారి" అంటాది. పోయి ఒక రాత్రి ఉందాము అంటే "పక్కింటికి పోయి పండుకుంటారా ఎవరన్నా" అంటాది. అంత దగ్గర ఊరికి రాత్రి ఉండేది ఎందుకో నాకైతే తెలీదు. సరే, మీది బీదరు, మీ లెక్క మీది.

పాతబస్తీ అల్లుడు

అత్తయ్యగారు "గోరీలు ఎందుకు" అన్నారే, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆవిణ్ణి తప్పు పట్టను. మా అమ్మా అదే అనేది. మా అమ్మ చేత ఆ మాట మాన్పించింది అష్టూరే.

ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య వరసగా గుమ్మటాలు. ఒక గుమ్మటం పిడుగుపడి నిలువునా చీలిపోయింది, కోసిన పుచ్చకాయలా లోపలిదంతా కనబడుతుంది. అది హుమాయూన్ అనే బహమనీ సుల్తానుది. క్రూరుడని పేరు. అందుకే దేవుడు పిడుగేశాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పక్కనే అహ్మద్ షా సమాధి. లోపలికి అడుగుపెడితే చీకటి. మేం వెళ్ళిన రోజు అక్కడి పెద్దాయన బయట గుమ్మం ముందు ఒక అద్దం ముక్క పట్టుకుని ఎండని లోపలికి కొట్టాడు. ఆ వెలుగు గోడ మీద పాకుతూ పోతుంటే ఎరుపూ, బంగారు రంగూ, పర్షియన్ అక్షరాలూ ఒక్కో జానెడే కనబడ్డాయి, మళ్ళీ మాయమయ్యాయి. నా కూతురు "నాన్నా, టార్చిలైటు వేస్తే మొత్తం ఒకేసారి కనబడదా" అంది. కనబడుతుంది. కానీ అలా చూడ్డం వేరు.

ఆ సుల్తానుని హిందువులు అల్లమప్రభు అని కొలుస్తారు. ఏటా హోలీ తర్వాత జరిగే జాతరకి ఒక లింగాయత జంగముడు శంఖం ఊదుకుంటూ వచ్చి కొబ్బరికాయ కొడతాడు. తిథి చూసేది కూడా మన పంచాంగం ప్రకారమే. ఈ ముక్క మీ అత్తయ్యగారికి చెప్పి చూడండి.

లెక్కల మనిషి

అద్దంతో ఎండ కొట్టేది పగలే కదా. దానికి రాత్రి ఉండటం ఎందుకు? నా వాదన అలాగే ఉంది.

పాతబస్తీ అల్లుడు

భాయ్, మీరు పెళ్ళికి వెళ్ళినా విస్తర్లు లెక్కపెట్టి వస్తారా?

లెక్కల మనిషి

పిలిచినవాళ్ళు లెక్కపెట్టుకుంటారు కాబట్టే అందరికీ వడ్డన అందుతుంది.

వెండితీగ

ఒక్కరోజు అన్నవాళ్ళు బిద్రీ కొట్టుని "కొట్టు" అనుకుంటున్నారు. లోపల పని జరిగే చోటికి వెళ్ళకపోతే మీకు కనబడేది నల్ల పూలకుండీ, దాని మీద ధర, "అబ్బో, ఇంతా!" అంతే. చౌబారా గడియారం చుట్టుపక్కల సందుల్లో పనివాళ్ళ అంగళ్ళున్నాయి. అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు.

జింకు పదహారు పాళ్ళు, రాగి ఒక పాలు కరిగించి ఇసుక అచ్చులో పోస్తారు. చల్లారాక ఆకురాయితో నునుపు చేస్తే బూడిదరంగు సత్తు గిన్నెలా ఉంటుంది, చూపుకి ఏమీ ఆనదు. దాన్ని మైలుతుత్తం నీళ్ళతో తుడిచి కాసేపటికి నల్లబరుస్తారు, చెక్కే గీత కంటికి తెలియాలని. ఉలితో గాడి తీసి అందులో వెండితీగ పెట్టి సుత్తితో మెల్లిగా కొడతారు. టిక్ టిక్ టిక్ అని గోడ అవతలినుంచే వినపడుతుంది. ఆఖర్న కోటలో పాత కట్టడాల కింద ఎండావానా తగలని మట్టి తెచ్చి, నవాసారం కలిపి మరిగించి అందులో ముంచుతారు. తీసేసరికి లోహం కారునలుపు, వెండి మాత్రం వెండిలాగే ఉంటుంది. మంచి మట్టో కాదో నాలుక మీద వేసుకుని చెబుతారు పెద్ద పనివాళ్ళు. ఈ పనికే బీదర్‌కి చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

పదకొండేళ్ళ పాపని అక్కడ ఒక గంట కూర్చోబెట్టండి. కోటకంటే ఇదే గుర్తుంటుంది. ఆ గంట ఒక్కరోజు పట్టికలో పట్టదు.

నిద్రలేని అమ్మ

ఇది ఒప్పుకుంటాను. పిల్లలు పని జరుగుతుంటే కదలకుండా చూస్తారు. జరిగిపోయిన పని చూడమంటేనే అల్లరి.

గుహలో గబ్బిలం

ఝరణి గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను మూడుసార్లు లోపలికి వెళ్ళినవాణ్ణి.

నీళ్ళు బురద కాదు, పారుతూనే ఉంటాయి. దీపాలున్నాయి. పైన కప్పుకి గబ్బిలాలు వేలాడుతుంటాయి, ఏమీ చెయ్యవు, కానీ పైకి చూడకపోతే మంచిది. శనాదివారాల్లో జనం ముందూ వెనకా కిక్కిరిసి ఉంటారు, మధ్యలో ఆగడానికీ వెనక్కి తిరగడానికీ చోటుండదు. పిల్లల్ని భుజాల మీద ఎత్తుకోవాలి. ఆఖర్న గోడ మీద స్వామి, పక్కనే శివలింగం. ఝరాసురుడనే శివభక్తుడైన రాక్షసుణ్ణి నరసింహుడు చంపితే, వాడు ప్రాణం పోయేముందు నీ పాదాల దగ్గరే ఉండాలి అని కోరుకుని నీళ్ళై పారాడని స్థలపురాణం. నడిచేది వాడి మీదే అన్నమాట.

మోకాళ్ళు అరిగిన పెద్దావిణ్ణి మాత్రం తీసుకెళ్ళకండి. నీళ్ళలో బరువు తెలియదు గానీ అడుగున రాయి జారుతుంది. ముందే చెప్పెయ్యండి. అక్కడిదాకా తీసుకెళ్ళి "మీరు ఇక్కడ కూర్చోండి" అంటే అంతకంటే అవమానం లేదు. మా పెద్దమ్మకి అలాగే చేశాం. నాలుగేళ్ళయింది, ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

చెరుకు మోపు

గురుద్వారకు తీస్కపోన్రి అమ్మగారిని. గురునానక్ ఝీరా అంటరు, అక్కడ గూడ ఊట నీళ్ళే. లంగర్‌ల ఎవలు పోయినా అన్నం పెడ్తరు, కులం అడగరు, మతం అడగరు, పైసలడగరు. సిక్కుల పంచ్ ప్యారేల, అంటె ముందుగాల దీక్ష తీస్కున్న ఐదుగురిల ఒకాయన, భాయి సాహిబ్ సింగ్, బీదర్ మంగలాయన. ఆయనదీ మా దిక్కే అని మా తాత గొప్పగ జెప్తుండె.

ఇంగొకటి. కోడలు అక్కా, మీ అత్త ఏమంటుంది, మీ ఆయన ఏమంటుండు అన్నీ రాసినవు. మీ మామ ఏమంటుండు?

మియాపూర్ కోడలు

మావయ్యగారా? ఆయన పేపరు చదువుకుంటున్నారు.

నిజం చెప్పాలంటే మేమెవరమూ అడగలేదు.

గోడరాతలు

అడగండి.

మియాపూర్ కోడలు

(తొమ్మిది రోజుల తర్వాత)

వెళ్ళొచ్చాం. మధ్యలో ఫోన్లు చేసి, ఇక్కడ మెసేజీలు పెట్టి అడిగినవాళ్ళందరికీ కలిపి ఇదే సమాధానం.

మావయ్యగారిని అడిగాను. పేపరు మడిచి, "నౌబాద్ దగ్గర కరేజ్ ఉందిట, పాతకాలపు నీటి సొరంగం, అది చూపిస్తారా" అన్నారు. ఆయన చిన్ననీటిపారుదలలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. బీదర్ అనుకున్న రోజు నుంచీ ఆయన మనసులో ఉన్నది అదొక్కటేనట. పట్టికలో దానికి గడే లేదు. మావారి మొహం చూడాలి.

రాత్రి ఉన్నాం. అత్తయ్యగారికి నేనే చెప్పాను గుహ సంగతి, శుక్రవారం రాత్రి మోకాళ్ళకి నూనె రాస్తూ. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఛాతీదాకా అంటే, మీ మావయ్య ఎత్తుకు ఛాతీనా, నా ఎత్తుకా?" అన్నారు. నాకు నవ్వాగలేదు, ఆవిడకీ ఆగలేదు. కొబ్బరికాయా, ఒక గాజుల జతా కొడుకు చేతికిచ్చి పంపారు. లోపల గబ్బిలాలని చూసి కళ్ళు మూసుకుని నడిచింది ఎవరో నేను చెప్పను, ఎక్సెల్ వేసింది మాత్రం ఆయనే. బాబు ఆయన భుజాల మీద కూర్చుని "నాన్నా ఇంకోటి, నాన్నా ఇంకోటి" అని లెక్కపెడుతూ వచ్చాడు.

అష్టూరులో అద్దం పట్టుకునే పెద్దాయన మాకు కనబడలేదు. తలుపు దగ్గర ఎండ ఉన్నంత మేరే చూశాం. అత్తయ్యగారు బయట వేపచెట్టు కింద కూర్చుని పక్క పొలం ఆవిడతో కబుర్లు. ఆవిడది కన్నడం, ఈవిడది గుంటూరు తెలుగు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికే తెలియాలి. వచ్చేటప్పుడు ఒళ్ళో కందికాయలున్నాయి. "గోరీల సంగతి ఏమైంది అత్తయ్యా" అంటే, "నేను లోపలికి వెళ్ళలేదుగా" అన్నారు. ఆవిడ మనసేం మారలేదు, పాతబస్తీ అల్లుడు గారూ, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఇక కరేజ్. శనివారం సాయంత్రం మదరసా మీద ఎండ పడే వేళకి మేం ఉండాల్సింది అక్కడ. ఉన్నది మాత్రం నౌబాద్‌లో, ఒక బావి లాంటి గుంట చుట్టూ. మావయ్యగారు ఆ అంచున వంగి కిందికి చూస్తూ, పాపకి చెబుతున్నారు. పైన జంబిట్టలో నీళ్ళు ఇంకుతాయి, కింద నల్లరాయి తగిలితే ఇక దిగలేక పక్కకి పారతాయి, ఆ రెండూ కలిసేచోట సొరంగం తవ్వి, కొంచెం కొంచెం వాలు ఇస్తే మోటారు లేకుండా నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి, మధ్య మధ్యలో ఈ గుంటలు మట్టి తియ్యడానికీ గాలికీ. ఆరు వందల ఏళ్ళ కింద, పర్షియా పద్ధతి. "వాలు ఎక్కువైతే?" అంది పాప. "నీళ్ళు ఉరికి మట్టిని కోస్తాయి." "తక్కువైతే?" "నిలిచి పూడిపోతుంది." పాప చెప్పు విప్పి ఒక చిన్న గులకరాయి గుంటలోకి వేసి చెవి పెట్టింది. మావయ్యగారూ చెవి పెట్టారు. అలా గంటా పది నిమిషాలు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఆయన ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను వినలేదు.

మదరసా ఆదివారం పొద్దున చూశాం. ఎండ అటువైపు పడింది. గోడరాతలు గారు నన్ను క్షమించాలి. రంగీన్ మహల్ తీశారు, ముత్యపు చిప్ప మెరిసింది. బిద్రీ అంగట్లో పాప అరగంట కూర్చుంది, బాబు మూడు నిమిషాలు. చెవిలోలకులు ఒక జత కొన్నాం, అంతకంటే పెద్దది కొనే శక్తి లేక.

హోటల్లో వేడినీళ్ళు వచ్చాయి. సంచులు సగం మావారు సర్దారు. ఛార్జర్లు మర్చిపోయారు.

నిద్రలేని అమ్మ

సగం అన్నా సర్దారు. ఇది చరిత్రలో రాయాలి, గోడరాతలు గారూ, చెక్కండి ఎక్కడన్నా.

చెరుకు మోపు

వాపస్ వచ్చేటప్పుడు కోహీర్ జామకాయలు కొన్నరా లేదా?

మియాపూర్ కోడలు

కొన్నాం. రెండు కిలోలు. సంగారెడ్డి వచ్చేసరికి అయిపోయాయి.

ఇంకో సంగతి. మావయ్యగారు నిన్న మావారిని పిలిచి ఆ పట్టిక ఫైలు తనకి పంపమన్నారు. వచ్చే నెల బసవకల్యాణ్ అట. టీకి 12 నిమిషాలు చాలవు, 20 వెయ్యమన్నారు.

లెక్కల మనిషి

బసవకల్యాణ్ కూడా ఒక్కరోజులో అయిపోతుంది.